ఫ్రిజ్ చెప్పులు

కరెంటు పోయిందంటే ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో గల్లీ గల్లీ ఒక్క గొంతుతో తిట్టుకునేది. మిక్సీ ఆగిపోయి పక్కింటివాళ్ళు, సీరియల్ ఆగిపోయి ఎదురింటివాళ్ళు, మూలమీది జిరాక్స్ షాపాయన అయితే ఇద్దరి తరఫునా కలిపి తిట్టేవాడు. మా మేనత్త ఇంట్లో మాత్రం అందరం ఒక్కసారి హమ్మయ్య అనుకుని, ఎవరి పని మీద వాళ్ళం లేచేవాళ్ళం. కరెంటు లేనంతసేపే మాకు స్వేచ్ఛ. ఉన్నంతసేపూ భయం. ఈ మాట ఇప్పుడు ఎవరికైనా చెబితే నన్ను అదోలా చూస్తారు. చూడనివ్వండి. ఆ ఇంట్లో ఒక్క వేసవి గడిపి ఉంటే వాళ్ళూ నాలాగే తయారయ్యేవాళ్ళు.

ఉద్యమం బాగా రాజుకున్న రోజులు. నేను డిగ్రీ పూర్తిచేసి, నల్లగొండ దగ్గర మా ఊరి నుంచి పోటీ పరీక్షల కోచింగ్ కోసమని వచ్చి అత్త ఇంట్లో దిగాను. (కోచింగ్ జరిగిన రోజులకంటే బంద్ జరిగిన రోజులే ఎక్కువ. ఉద్యోగం వస్తుందో రాదో గానీ రాష్ట్రం వస్తుందని నాకు గట్టి నమ్మకం ఉండేది.) అత్తవాళ్ళ ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ నుంచి చంపాపేట్ వైపు పోయే ఒక ఇరుకు గల్లీలో ఉండేది. మామ వాళ్ళ నాయన కట్టించిన ఇల్లు. గోడల మీద చెక్క పట్టీలు, వాటికి రేకు క్లిప్పులతో కొట్టిన వైర్లు, నల్లటి గుండ్రటి స్విచ్చులు. ఆ వైర్ల మీద సున్నం పడీ పడీ ఏది గోడో ఏది వైరో తెలిసేది కాదు. వానొస్తే వంటింటి గోడ చెమ్మెక్కేది. ఆ గోడకు చెయ్యి ఆనిస్తే వేళ్ళల్లోకి చీమలు పాకినట్టుండేది. అత్త మాత్రం ‘గోడ గుర్రుమంటున్నది, ఇయ్యాల జర దూరం జరిగి కూసోండ్రి’ అని, ఇంట్లో ఒక కోపిష్టి ముసలాయన ఉంటే ఎట్లా చెబుతారో అట్లా చెప్పేది.

గోడనైనా ఏదోలా సముదాయించుకోవచ్చు, ఫ్రిజ్‌తో ఆ ఆటలు సాగేవి కావు. అది పాత ఇనుప ఫ్రిజ్, మనిషెత్తు ఉండేది. వట్టి కాళ్ళతో ముట్టుకుంటే కొట్టేది. అందుకని దాని ముందు ఎప్పుడూ ఒక జత నీలం పట్టీల రబ్బరు చెప్పులుండేవి. అవి ఎవరివీ కావు, ఫ్రిజ్‌వి. మా అత్త మడీ తడీ ఉన్న మనిషి. వంటింట్లోకి చెప్పులతో అడుగుపెడితే సొంత తమ్ముడినైనా గడప దాటించేది. (తమ్ముడంటే మా నాయనే. నేను చూశాను.) అలాంటి వంటింట్లో ఆ నీలం చెప్పులకు మాత్రం ప్రవేశం ఉండేది. చుట్టాలు మంచినీళ్ళు అడిగితే, ‘చెప్పులేస్కొని తీస్కో బిడ్డా’ అని అత్త మామూలుగా చెప్పేది. వచ్చినవాళ్ళు ఏదో ఆచారం కాబోలు అనుకుని భక్తిగా వేసుకునేవారు. మరి ప్లగ్గు తీసెయ్యొచ్చు కదా అంటారు మీరు. నేనూ అన్నాను. ఆ ప్లగ్గు ఫ్రిజ్ వెనకాల ఉంది. దాన్ని తీయాలంటే ఫ్రిజ్ జరపాలి. ఫ్రిజ్ జరపాలంటే ముట్టుకోవాలి. మెయిన్ దించి జరపొచ్చు గానీ, మెట్ల కింద ఉన్న ఆ ఇనుప మెయిన్ పిడి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దాన్ని దించగా ఆ ఇంట్లో చూసినవాళ్ళే లేరు. కరెంటు పోయినప్పుడు ఒకట్రెండుసార్లు జరపబోయాం గానీ, మామా నేనూ కలిసి పట్టినా ఆ ఇనుప బండ కదల్లేదు.

మామ బస్సు కండక్టరు. మంచి మనిషి, నోరు పెద్దది. ఉద్యమం అంటే ప్రాణం. సమ్మె వచ్చిందంటే ఇంట్లో కంటే ఎల్బీనగర్ చౌరస్తా దగ్గరి దీక్షా శిబిరంలోనే ఎక్కువసేపు ఉండేవాడు. ఆయన దగ్గర ప్రతి పనికీ ఒకటే గడువు. ‘తెలంగాణ రానీ, ఇల్లంత కొత్త వైరింగ్ చేయిస్త.’ గోడకు సున్నం, తలుపుకు గొళ్ళెం, అత్త పంటి నొప్పి, అన్నీ రాష్ట్రం వచ్చాకే. వంటింటి ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ఒకరోజు ఆయనే స్టూలెక్కి, సన్నటి ఫ్యూజు తీగ పీకేసి, దాని చోట లావుపాటి రాగి తీగ మెలేసి చుట్టాడు. ‘ఇగ జన్మల పోదు’ అని చేతులు దులుపుకున్నాడు. మేమందరం ఆయన తెలివికి మురిసిపోయాం. ఫ్యూజు పోవడానికే ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, కరెంట్ అఫైర్స్ బట్టీపడుతున్న నాతో సహా.

అట్లాంటి ఇంట్లోకి మా వదిన, అంటే అత్త కూతురు, పసిపిల్లను తీసుకుని వచ్చింది. బుడ్డది అని పిలిచేవాళ్ళం. పాకడం బాగా వచ్చి, ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడే వయసు. వచ్చిన రోజే నేరుగా వంటింట్లోకి పాకి, ఆ నీలం చెప్పుల దగ్గర ఆగి, తలెత్తి ఫ్రిజ్‌ను చూసి బోసినవ్వు నవ్వింది. మేం నలుగురం ఒకేసారి ఉరికి దాన్ని ఎత్తుకున్నాం. ఇంట్లో అందరం చెప్పుల మీద బతుకుతున్నవాళ్ళం. ఈ పిల్ల నాలుగు కాళ్ళ మీద తిరుగుతోంది, ఒక్కదానికీ చెప్పు లేదు. వంటింటికి తలుపు లేదు. వదిన ఏడుపు మొహం పెట్టింది. మామ గొంతు సవరించుకుని ‘తెలంగాణ రా...’ అనబోయాడు. అత్త ఆయన వైపు చూసిన చూపుకు మిగతా మాట మింగేశాడు.

అప్పుడు మేం చేసిన ఏర్పాటు వింటే మీకు నవ్వొస్తుంది, మాకు అది గొప్ప భద్రతా పథకం. ఆ వేసవిలో కరెంటు కోత చెప్పిన వేళకు చెప్పినట్టు పోయేది. అంతకుముందే మా పనులన్నీ కోత వేళలోనే జరిగేవి. ఫ్రిజ్ తుడవడం, కూలర్లో నీళ్ళు పోయడం, వంటిల్లు కడగడం, అన్నీ. ఇప్పుడు బుడ్డదాన్ని నేల మీదికి దించడం కూడా ఆ జాబితాలో చేరింది. కరెంటు ఉంటే ఒళ్ళోనో, ఊయలలోనో. పోతే నేల మీద. మాకు గుర్తు హాల్లో దేవుడి గూటిలోని ఎర్ర బల్బు. అది వెలిగితే పిల్ల పైకి, ఆరితే పిల్ల కిందికి. పాపం అదీ త్వరగానే నేర్చుకుంది. ఎర్ర బల్బు ఆరగానే కిందికి దిగడానికి ఒళ్ళోంచి చేపపిల్లలా జారేది.

దీనికి తోడు ఇంకొక గట్టి భరోసా ఉండేది. పైపోర్షన్‌లో కిరాయికున్న ఆంటీ. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. నీళ్ళ మోటారు స్విచ్చి మా హాల్లో ఉండేది కాబట్టి, కరెంటు రాగానే ఆవిడ మెట్ల మీంచి ‘కరెంటొచ్చిందండీ! మోటారెయ్యండీ!’ అని కేకేసేది. ఆ కేక చంపాపేట్ దాకా వినిపించేదని మామ అనేవాడు. మేం ఎర్ర బల్బు చూడకపోయినా ఆ కేకకే పిల్లను ఎత్తుకునేవాళ్ళం. ఆవిడ నీళ్ళ కోసం అరిచేది, మేం పిల్ల కోసం వినేవాళ్ళం.

ఇదిలా ఉండగా ఒక సాయంత్రం టీవీలో చర్చ చూస్తూ మామా పైపోర్షన్ అంకులూ మాటా మాటా అనుకున్నారు. టీవీలోవాళ్ళు చర్చ ముగించి వెళ్ళిపోయారు గానీ వీళ్ళు ముగించలేదు. రోజూ వాదించుకుని, చివర్లో కలిసి టీ తాగే మనుషులు, ఆ రోజు టీ తాగలేదు. ‘ఇగ ఈ ఇంట్ల పైకి కిందికి మాటల్లేవ్’ అని మామ ప్రకటించేశాడు. పైన అంకుల్ కూడా దాదాపు అదే ప్రకటించాడట. మగవాళ్ళు పంతం పట్టాక ఆడవాళ్ళు మాట్లాడుకుంటే బాగుండదని అత్త మొహం తిప్పుకుంది, ఆంటీ మొహం తిప్పుకుంది. కరివేపాకు ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోయింది. మా ఇంటి భద్రతలో సగం ఆ మెట్ల మీద ఆగిపోయిందని మాత్రం ఎవరికీ తట్టలేదు.

తర్వాత వచ్చింది బంద్. బస్సులు లేవు, ఆటోలు లేవు, గల్లీ అంతా చప్పుడు లేదు. మామ కొత్త జెండా భుజాన వేసుకుని శిబిరానికి పోయాడు. పాత జెండా వెదురు కర్రకు చుట్టి మెట్ల కింద ఆనించి ఉంది. వేళకు కరెంటు పోయింది. ఎర్ర బల్బు ఆరింది. అత్త బకెట్లతో వంటిల్లు కడిగి, బిందె తీసుకుని గల్లీ చివరి బోరింగ్ దగ్గరికి వెళ్ళింది. వదిన రాత్రంతా నిద్రలేక లోపలి గదిలో పడుకుంది. బుడ్డదాన్ని నాకు అప్పగించారు. నేను హాల్లో చాప మీద పుస్తకం తెరిచి కూర్చున్నాను. పిల్ల నా చుట్టూ పాకింది, నా పెన్ను నోట్లో పెట్టుకుంది, పుస్తకం మూల కొరికింది. తర్వాత వంటింట్లోకి పోయింది. పోనీ అనుకున్నాను. కరెంటు లేదుగా.

కాసేపటికి నాకొక చప్పుడు వినబడింది. కొత్తదేం కాదు, రోజూ వినేదే. అందుకే ముందు పట్టించుకోలేదు. గుర్ర్... గుర్ర్... తలెత్తి ఎర్ర బల్బు చూశాను. ఆరే ఉంది. పైన ఫ్యాను చూశాను. కదలడం లేదు. మళ్ళీ పుస్తకంలో తల పెట్టాను. గుర్ర్... ఫ్రిజ్ ఎందుకు మోగుతోంది? ఆ ప్రశ్న మెల్లగా నా తలలోకి దిగి, అక్కణ్ణుంచి కాళ్ళలోకి దిగింది. కరెంటు వేళ కాని వేళ వచ్చేసింది. వచ్చేటప్పుడు ఎక్కువై వచ్చి హాల్లో సన్నటి ఫ్యూజును కాల్చేసింది. వంటింట్లో మామ చుట్టిన లావుపాటి తీగ మాత్రం జన్మల పోనిది. పైన ఆంటీకి కరెంటు వచ్చిన సంగతి తెలుసు. కానీ మాటల్లేవు కదా, కేకెయ్యలేదు. (ఇంత విడమరిచి అప్పుడు నేను ఆలోచించలేదు. అప్పుడు నా తలలో ఉన్నది ఒక్కటే మాట, పిల్ల.)

వంటింటి గడప దగ్గరికి వెళ్ళి ఆగిపోయాను. బుడ్డది ఫ్రిజ్ పక్కనున్న ప్లాస్టిక్ బియ్యం డబ్బాను ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. కింద అత్త కడిగిన తడి. తడి కాళ్ళు. రెండో చేతిలో ఒక నీలం చెప్పు. పెద్దవాళ్ళు ఆ చెప్పులు లేకుండా ఫ్రిజ్ దగ్గరికి రారని చూసి చూసి, చెప్పు ఫ్రిజ్ కోసమేనని అర్థం చేసుకున్నట్టుంది. ఆ రబ్బరు చెప్పుతో ఫ్రిజ్ తలుపును టప్, టప్ అని కొడుతోంది. దాని చేతికీ ఆ ఇనుముకూ మధ్య ఉన్నది ఆ చెప్పొక్కటే. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వే నన్ను గడప దాటనివ్వలేదు. ఎందుకంటే దానికొక ఆట ఉంది. ఎవరైనా చేతులు చాచి దగ్గరికి వస్తే కిలకిలా నవ్వి ముందుకు ఉరికేది. ఇప్పుడు దాని ముందున్నది ఫ్రిజ్. నేను ఒక్క అడుగు వేస్తే అది డబ్బా వదిలి ఫ్రిజ్ మీద పడుతుంది. గట్టిగా అరిస్తే ఉలిక్కిపడి పడుతుంది. పరిగెత్తి మెయిన్ దగ్గరికి పోదామంటే, నేను కనబడకపోతే వెతుక్కుంటూ కదులుతుంది. ఈలోపు వదిన లేచి నా వెనక్కి వచ్చింది. ఒక్క చూపులో వదినకు సంగతి అర్థమైంది. ముందుకు దూకబోయిన వదినను ఒక చేత్తో నడుం పట్టి, ఒక చేత్తో నోరు మూసి ఆపాను. వదిన నా అరచేతిని కొరికింది; వదిలితే పిల్ల మీదికి దూకేదే, మెయిన్ దగ్గరికి పంపడానికి లేదు. ఆ నొప్పి నాకు సాయంత్రం దాకా తెలియలేదు.

వంటింటి కిటికీ మెట్ల వైపు ఉంటుంది. దానికి సరిగ్గా పైన ఆంటీవాళ్ళ వంటిల్లు. నేను మొహం నిండా నవ్వు పులుముకుని, కళ్ళు పిల్ల మీదే ఉంచి, రోజూ దాన్ని ఆడించే రాగంలో పాట ఎత్తుకున్నాను. ‘ఆంటీ... ఓ ఆంటీ... జర కిందికి రాండ్రీ...’ బుడ్డది మెచ్చుకుని టప్ టప్ మని తాళం వేసింది. పైన గిన్నెల చప్పుడు ఆగింది. ‘ఎవరమ్మా అది? మాతో మాటల్లేవన్నారుగా మీ మావయ్యగారు? ఇప్పుడు పాటలు కట్టి వెక్కిరిస్తున్నారా?’ అంది ఆంటీ గొంతు. ఏడుపొచ్చింది నాకు. ఏడిస్తే పాట పోతుంది. పాట పోతే పిల్ల కదులుతుంది. ‘కాదాంటీ... మీ కాల్మొక్తాంటీ... పాప ఫ్రిజ్ కాడున్నదీ... కరెంటొచ్చిందీ... మెయిన్ దించుండ్రీ...’ పైన ఏదో స్టీలు గిన్నె పడి గలగలా దొర్లిన చప్పుడు. ఆ వెంటనే మెట్ల మీద పరుగు. ఆ మనిషి అంత వేగంగా మెట్లు దిగడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

‘రావట్లేదమ్మా! పిడి బిగుసుకుపోయింది!’ అని మెట్ల కింది నుంచి కేక. ‘కట్టె ఉన్నదాంటీ... కట్టెతోటి కొట్టుండ్రీ...’ అని నా పాట. ధన్ అని ఒక దెబ్బ పడింది. ధన్ అని ఇంకొకటి. ఈ కొత్త వాద్యానికి బుడ్డదానికి ఉత్సాహం ఆగలేదు. చెప్పు పైకెత్తి పెద్ద దెబ్బ వెయ్యబోయింది. చెప్పు చేతిలోంచి జారి తడిలో పడింది. కింద పడ్డ చెప్పును చూసింది. ఫ్రిజ్‌ను చూసింది. వట్టి అరచెయ్యి పైకి లేపింది. వదిన నా చేతుల్లో బిగుసుకుపోయింది. నా గొంతులో పాట లేదు. ధన్ అని ఇంకో దెబ్బ. ఫ్రిజ్ ఆగేముందు ఎప్పుడూ చేసినట్టు ఒకసారి ఒళ్ళు విదిలించి, గుర్రు ఆపేసింది. దాని వెనకాలే చిన్న అరచెయ్యి ఇనుప తలుపు మీద టప్ మని పడింది.

ఏమీ కాలేదు. బుడ్డది మా వైపు తిరిగి, పాట ఎందుకు ఆపారన్నట్టు చూసింది. వదిన వెళ్ళి ఎత్తుకుంది. నేను అక్కడే ఆ తడిలో కూలబడి భోరున ఏడ్చాను.

‘ఏదీ? పిల్లేదీ?’ అంటూ ఆంటీ లోపలికి వచ్చింది. జుట్టు ఊడిపోయి, చేతిలో వెదురు కర్ర, దాని చివర విడివడి రెపరెపలాడుతున్న మామ పాత ఉద్యమ జెండా. వదిన చేతుల్లోంచి పిల్లను లాక్కుని గుండెకు హత్తుకుంది. ‘కరెంటొచ్చి ఎంతసేపైందో! నోటిదాకా వచ్చిన కేకని దిగమింగుకుని కూర్చున్నానే తల్లీ! నా పంతం తగలెయ్య!’ అని ఏడుపు. సరిగ్గా అప్పుడే అత్త నీళ్ళ బిందెతో వచ్చింది. మాటల్లేని పైపోర్షన్ ఆంటీ తన వంటింట్లో ఒక చంకలో మనవరాలితో, ఒక చేతిలో తెలంగాణ జెండాతో నిలబడి ఏడుస్తుంటే, అత్తకు ఏమర్థమైందో ఏమో, బిందె దించి, ‘ఏందమ్మా, రాష్ట్రమొచ్చిందా?’ అంది.

మామ సాయంత్రం వచ్చాడు. ముందు తన కర్ర చూసుకుని, ‘దీని కొస ఎవలు ఇరగ్గొట్టిండ్రు?’ అని గర్జించాడు. అత్త నెమ్మదిగా అంతా చెప్పింది. ఆయన స్టూలెక్కి, తాను చుట్టిన రాగి తీగ పీకేసి, దాన్ని చేతిలో పెట్టుకుని మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత పైకి వెళ్ళాడు. కింది నుంచి నేను విన్నాను. ‘చెల్లే, రేపట్నుంచి కరెంటొస్తే గట్టిగ ఒర్రు. నేనేమన్న అననీ, నీ పెనిమిటి ఏమన్న అననీ. నువ్వు మాత్రం ఒర్రు.’ లోపలి నుంచి అంకుల్ గొంతు, ‘రండన్నయ్యా, టీ తాగుదురుగాని’ అంది. మర్నాడు ఇద్దరూ ఎప్పటిలాగే రాష్ట్రం గురించి గట్టిగా వాదించుకున్నారు. మాకు ప్రాణం లేచొచ్చింది.

వైరింగ్ రాష్ట్రం కోసం ఆగలేదు. బంద్‌ల మధ్య సందు చూసుకుని ఎలక్ట్రీషియన్‌ను పిలిచారు. అప్పటిదాకా, మామా అంకులూ కలిసి ఫ్రిజ్ జరిపి ప్లగ్గు తీసేస్తే, దాన్ని పచ్చళ్ళ బీరువాలా వాడుకున్నాం. గోడల మీది చెక్క పట్టీలన్నీ ఊడదీసి పైపుల్లో కొత్త వైర్లు లాగారు. వాకిట్లో గుంత తవ్వి, రాగి పలక దించి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్తింగ్ చేశారు. ఎక్కడైనా కరెంటు దారి తప్పితే తనంతట తానే పడిపోయే చిన్న స్విచ్చి ఒకటి బోర్డులో పెట్టారు. మామ శిబిరంలో గొప్పలు పోయాడట, ‘మా ఇంటికి ఎర్తింగ్ వచ్చింది, ఇగ తెలంగాణ ఒక్కటే బాకీ’ అని. పని అయ్యాక ఫ్రిజ్‌ను ఎవరు ముట్టుకోవాలన్న ప్రశ్న వచ్చింది. ఎలక్ట్రీషియన్ ముట్టుకున్నా మామకు నమ్మకం కుదరలేదు. తానే నేల మీద నీళ్ళు చల్లించుకుని, వట్టి కాళ్ళతో నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, అరచెయ్యి మొత్తం ఆనించాడు. పైవాళ్ళూ కిందివాళ్ళూ గుమిగూడి చూస్తున్నాం. మామ ఒక కన్ను తెరిచాడు. ‘ఏం లేదు’ అన్నాడు. ఆ మాట కోసం ఆ ఇల్లు ఎన్నేళ్ళు ఎదురుచూసిందో నాకప్పుడు తెలిసింది. అందరం చప్పట్లు కొట్టాం.

ఇప్పుడా ఇల్లు లేదు, అక్కడ అపార్ట్‌మెంట్ లేచింది. ఎర్తింగ్ గుంతలో ఎండాకాలం పూటకో చెంబు నీళ్ళు పోసి కాపాడుకున్న మామా లేడు. ఆంటీవాళ్ళు అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఇల్లు కట్టుకున్నారు. ఫోన్ చేస్తే ఆంటీ పలకరింపు లేకుండా, ‘మెయిన్ దించనా అమ్మాయ్?’ అని రాగం తీస్తుంది. నేను వనస్థలిపురంలో ఉంటున్నాను. ఇంట్లో వైరింగ్ అంతా కొత్తది, భయపడాల్సిందేమీ లేదు. అయినా ఫ్రిజ్ ముందు ఒక జత రబ్బరు చెప్పులుంటాయి. కరెంటు ఎప్పుడైనా పోతే అందరూ ఫోన్ల వెలుగులో విసుక్కుంటుంటే, నేనొక్కదాన్ని లేచి ఫ్రిజ్ తుడవడానికి పోతాను.

మొన్న బుడ్డది వచ్చింది. ఇంటర్ చదువుతోంది, నాకంటే ఎత్తు. స్నానం చేసి తడి కాళ్ళతో, చెప్పులు పక్కకు తన్నేసి, ఫ్రిజ్ తలుపు బార్లా తీసి నిలబడి సీసా ఎత్తి నీళ్ళు తాగుతోంది. నేను గడప దగ్గర ఆగిపోయాను. నాకు తెలియకుండానే నా నోట్లో ఆ పాత రాగం మొదలైంది. అది సీసా దించి, ‘ఏందత్తా, అట్ల చూస్తున్నవ్?’ అంది. దాని అరచెయ్యి ఫ్రిజ్ తలుపు మీద పూర్తిగా ఆని ఉంది.

‘ఏం లేదు’ అన్నాను.

తర్వాత మంచినీళ్ళ కోసం నేను వెళ్ళాను. చెప్పులేసుకునే తీశాను.